తెల్ల దారం

బడికి వెళ్ళేముందు పది సూదులకి దారం ఎక్కించి వెళ్ళాలి. పిచికకి అది పళ్ళు తోముకోవడంలాంటి పని. మానితే ఇంట్లో ఒప్పుకోరు. తొమ్మిదేళ్ళ ఆ పిల్ల ఒక కాలు బూటులో, ఇంకో కాలు బయట పెట్టుకుని నానమ్మ కుర్చీ పక్కన నిలబడి, దారం కొసని నోట్లో తడిపి, ఒక కన్ను మూసి సూది బెజ్జంలోకి గురిచూస్తోంది. ఎక్కించిన సూదుల్ని కిటికీ గట్టు మీదున్న బుల్లి దూది దిండుకి వరసగా గుచ్చుతోంది.

"ఎనిమిది... తొమ్మిది... నానమ్మా, ఇవాళ్టికి తొమ్మిదితో సరిపెట్టుకో. బస్సు వెళ్ళిపోతుంది!"

"పది అంటే పదే. పదో సూది నాకెవరు ఎక్కిస్తారే, మీ నాన్నా? వాడు దారం ఎక్కించాలంటే సూదికి లిఫ్టంత తలుపుండాలి."

లిఫ్టులు బాగుచేసే తండ్రి మీద జోకు కాబట్టి పిచిక పడీపడీ నవ్వి, పదోది కూడా ఎక్కించి, రెండో బూటు చేత్తో పట్టుకునే మెట్లు దిగి పరిగెత్తింది.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలికి మాత్రం నవ్వు రాలేదు. ఇవాళ లాండ్రీకి సెలవు కాబట్టి ఇంట్లో ఉంది గానీ, మిగతా రోజుల్లో ఆరింటికల్లా ఇస్త్రీ బల్ల ముందు నిలబడాల్సిన మనిషి. ఈ సూదుల తతంగం చూసేది వారానికొక్కసారే. దిండుకి గుచ్చిన పది సూదుల్లోనూ తెల్లదారమే. బుట్టలోనేమో నీలం ప్యాంటు, ఆకుపచ్చ స్వెట్టరు, నల్ల స్కర్టు. 'రంగు కూడా ఆనడం లేదు పాపం' అనుకుంది. అనుకుని, మళ్ళీ వీధి తలుపు వైపు చూసింది. నిన్న రాత్రి నుంచీ ఆమె ప్రాణం ఆ తలుపు మీదే ఉంది.

అత్తగారిని ఆ మేడలో అందరూ కుట్టు మామ్మ అంటారు. నాలుగంతస్తుల్లో ఎవరి ప్యాంటు మోకాలి దగ్గర చిరిగినా, ఎవరి స్వెట్టరుకి మోచేతి దగ్గర కన్నం పడినా, ముందు ఈ మూడో అంతస్తు కిటికీ దగ్గరికి రావలసిందే. "గుడ్డ చచ్చిపోలేదర్రా, అలిసిపోయింది. కాస్త ఊపిరి పోస్తే లేచి కూర్చుంటుంది" అంటుంది ఆవిడ. నడుమ పలచబడ్డ దుప్పటిని నిలువునా రెండుగా కోసి, గట్టిగా ఉన్న అంచుల్ని మధ్యకి తెచ్చి కలిపి కుట్టి, దానిచేత ఇంకో ఐదేళ్ళు చాకిరీ చేయిస్తుంది. అరిగిన కాలరుని విప్పి, తిరగేసి కుడుతుంది. ఆ ఇంట్లో చొక్కా ముందు చొక్కా, తర్వాత తుడిచే గుడ్డ, ఆ తర్వాత దిండులో కూరే పీలిక. అప్పుడు గానీ దానికి విముక్తి లేదు.

అలాంటి మనిషికి ఏడాది కిందట చూపు చెడింది. చూపు నడిమధ్యన మచ్చ పడిందనీ, అంచులు మాత్రం మిగులుతాయనీ, అద్దాలు మార్చినా ఆపరేషన్ చేసినా ప్రయోజనం లేదనీ కళ్ళ డాక్టరు తేల్చేశాడు. అప్పటినుంచి ఆవిడ ఎవరి మొహమైనా చూడాలంటే ఆ మొహానికి పక్కగా చూడాలి. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద ఆగి ఆవిడ ఒక్కటే మాట అంది: "నా చేతిలోంచి సూది తీసేసిన రోజు, నన్ను కూడా పాత బట్టల మూటలో కట్టి అవతల పెట్టండి."

కొడుకు ఆటో కోసం చూస్తూ ఆ మాట వినిపించుకోలేదు. కోడలి గుండెలో మాత్రం అది దిగబడిపోయింది.

అందుకే, ఎనిమిది నెలల కిందట అత్తగారు పై అంతస్తు నర్సు గౌనుకి అంచు కుట్టి, మడతపెట్టి, ఇచ్చేసే బట్టల బుట్టలో వేసినప్పుడు, ఆ అంచు పాము పాకినట్టు వంకరటింకరగా ఉండటం చూసి కోడలు నోరు మెదపలేదు. అత్తగారు మధ్యాహ్నం కునుకు తీస్తుండగా గౌను తీసి, ఆ కుట్లన్నీ విప్పి, తన చేతనైనట్టు మళ్ళీ కుట్టింది. మిషను తొక్కితే చప్పుడుకి లేస్తుందని చేత్తోనే కుట్టింది. విప్పిన చోట సూది బెజ్జాలు మిగిలితే, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ ఆవిరి పట్టింది. ఆవిరికి నేత దగ్గరికి జరిగి బెజ్జాలు మూసుకుంటాయి. ఏళ్ళ తరబడి ఇస్త్రీ పెట్టె పట్టుకున్న చెయ్యికి ఆ మాత్రం తెలియదా?

తెలియనిదల్లా కుట్టుపనే. ఆ ఇంటికి కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు నేర్పబోయింది. "అది కుట్టా, కోడి గెలికినట్టుంది! విప్పు. మళ్ళీ విప్పు" అని నాలుగు రోజులు ఊపిరి సలపనివ్వలేదు. ఐదో రోజు కోడలు సూదిని గోడకేసి విసిరికొట్టి, "మీ సూదీ వద్దు, మీ దారమూ వద్దు. నాకు ఇస్త్రీ వచ్చు, చాలు" అనేసింది. ఆ తర్వాత పదకొండేళ్ళు ఇద్దరి మధ్యా సూది ఊసు రాలేదు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం దొంగతనంగా కుట్టడమే అయింది. మొదట్లో వేళ్ళన్నీ చిల్లులే. రెండు మూడు నెలలు గడిచేసరికి పని తేలికపడింది. అత్తగారి కుట్లు వదులుగా, పొడుగ్గా పడసాగాయి. ఆ కుట్టు పక్కనే తాను గట్టిగా కుట్టుకుంటూ పోయి, ఆఖర్న అత్తగారి దారం పట్టుకుని ఒక్క లాగు లాగితే మొత్తం వచ్చేసేది. 'చెయ్యి కూడా బలహీనపడుతోంది' అని బాధపడేది; 'విప్పడం సులువైంది' అని ఊపిరి పీల్చుకునేది. లాగిన దారాలు పారేయలేదు. పోగు కూడా పారేయకూడదనేది ఆ ఇంటి నియమం. ఇంట్లో ఇస్త్రీ బల్ల కింద ఒక బిస్కెట్ల డబ్బాలో కూరి దాచింది.

మొన్న కింది అంతస్తు లెక్కల మేష్టారి కోటు వచ్చింది. గోధుమరంగు కోటు, ఆయన పెళ్ళినాటిది. రెండు చేతులూ భుజాల దగ్గర పిగిలిపోయాయి. ఆయన పదవీ విరమణ సభకి వేసుకోవాలి. అత్తగారు ఒక పూటంతా కూర్చుని రెండు చేతులూ అతికించింది. కోడలు ఎడమ చెయ్యి మళ్ళీ కుట్టి, కోటంతా ఇస్త్రీ చేసి, కుడి చెయ్యి రేపు చూద్దామని బుట్టలో పెట్టింది. ఆ 'రేపు' లాండ్రీలో ఇద్దరు మనుషులు రాలేదు. హోటలు దుప్పట్లు గుట్టలుగా పడ్డాయి. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. బుట్టలో కోటు లేదు.

"మేష్టారు మధ్యాహ్నమే పట్టుకెళ్ళారమ్మా, సభకి" అంది పిచిక.

తెల్లవారేదాకా కోడలు దేవుళ్ళందరికీ దణ్ణం పెడుతూనే ఉంది, ఆ ఒక్క సాయంత్రం ఆ కుట్లు ఆగి ఉంటే చాలని.

ఆగలేదు. పిచిక వెళ్ళిన పావుగంటకి తలుపు దబదబా మోగింది. మేష్టారి భార్య. కోటు ఒక చేతిలో, ఊడిన కోటు చెయ్యి ఇంకో చేతిలో.

"కుట్టు మామ్మగారూ, ఇదేమిటో మీరే చెప్పండి. నేను చెబితే నోరు పెద్దదంటారు."

అత్తగారు లేచి నిలబడింది. "ఏమైందమ్మా?"

"ఏమవ్వాలండీ! ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. ఆఖరిసారి బోర్డు మీద ఒక లెక్క చెయ్యండి మేష్టారూ అని పిల్లలడిగారు. ఈయన మురిసిపోయి చెయ్యెత్తారు. సున్నా చుట్టేలోపే భుజం దగ్గర పటపటపట! చెయ్యి జారి మణికట్టు దగ్గర వేలాడింది. హాలంతా ఒకటే నవ్వు. ఈయనా నవ్వారు వాళ్ళతో కలిసి. ఇంటికొచ్చాక మాత్రం మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. బల్ల మీది దీపం కేసి చూస్తూ కూర్చున్నారు." ఆవిడ ఊడిన కోటు చేతిని ముందుకి చాపింది. "కొత్త కోటు కొందామండీ అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. మామ్మ చెయ్యి పడితే ఇంకో పదేళ్ళు నడుస్తుందన్నారు. నడిచింది లెండి, సున్నా దాకా!"

"ఏ చెయ్యి?" అంది అత్తగారు.

"ఏ చెయ్యేమిటండీ, ఊడిన చెయ్యి!"

"కుడా, ఎడమా?"

"కుడిది. ఎడమది చూడండి, ఏనుగు లాగినా రాదు. ఒక చెయ్యి ఇనుము, ఇంకోటి నూలుపోగు. ఇదెక్కడి కుట్టండీ?"

అత్తగారు చేతులు చాచి కోటు తీసుకుంది. ఎడమ భుజం తడిమింది. తర్వాత కుడి భుజం దగ్గర చిరిగిన నోరు తడిమింది.

గోలకి కొడుకు సగం గడ్డం గీసుకున్న మొహంతోనే బయటికొచ్చాడు. విషయం వినగానే అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "అమ్మా, నీకు నేను ఎన్నిసార్లు చెప్పాను? కళ్ళు కనపడని మనిషికి ఊళ్ళో వాళ్ళ బట్టలెందుకు? నా చిన్నప్పుడు మోకాళ్ళకి రెండు రంగుల అతుకులేసి బడికి పంపావు, నవ్వులపాలయ్యాను. ఇప్పుడు మేష్టారి వంతా? పాతదైతే పారేసి కొత్తది కొనుక్కుంటారు జనం. అమ్మగారూ, మేష్టారికి నేను కొత్త కోటు కొనిస్తాను. ఈవిడ ఇక సూది ముట్టదు."

"నీ కొత్త కోటు ఆయన వేసుకుంటే కదా నాయనా" అంది మేష్టారి భార్య నీరసంగా.

అత్తగారు కోటుని గుండెకి అదుముకుని, తల కాస్త పక్కకి తిప్పి, కోడలు నిలబడ్డ వైపు చూసింది. ఆ చూపు తట్టుకోలేక కోడలు నోరు తెరిచేసింది.

"ఆవిణ్ణి ఏమీ అనకండి! తప్పు నాది. కుడి చెయ్యి నేను కుట్టలేదు."

"నువ్వు కుట్టడమేంటి?" అన్నాడు భర్త.

"ఎనిమిది నెలలుగా కుడుతున్నది నేనే. అత్తయ్య కుట్టినవన్నీ విప్పి మళ్ళీ కుడుతున్నాను. ఎడమ చెయ్యి నేను కుట్టిందే. అందుకే నిలబడింది. నిన్న టైము దొరకలేదు. అత్తయ్య తప్పేం లేదు, ఆవిడకి కనపడదు కదా!"

తప్పు నెత్తిన వేసుకుంటున్నాననుకుంది. ఆ ఆఖరి మాట గదిలో పడ్డాక గానీ, తాను ఏం చేసిందో ఆమెకి అర్థం కాలేదు. మేష్టారి భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. అంటే ఈ మేడలో ఇన్నాళ్ళూ అందరూ తెచ్చుకున్నది కుట్టు మామ్మ పని కాదన్నమాట. సాయంత్రానికి నాలుగంతస్తులకీ తెలుస్తుంది.

అత్తగారు కోటుని కుర్చీ మీద పెట్టింది. సూది గుచ్చుకోకుండా ఎడమచేతి వేలికి ఎప్పుడూ తొడుక్కునే ఇత్తడి టోపీ తీసి, కిటికీ గట్టు మీద దిండు పక్కన ఉంచింది. "మేష్టారికి క్షమించమన్నానని చెప్పమ్మా" అని, గోడ పట్టుకుంటూ తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ రోజు మొగుడూ పెళ్ళాలిద్దరూ పోట్లాడుకున్నారు. "నాకు చెప్పకుండా ఎనిమిది నెలలా?" అని అతను. "చెబితే మీరు ఏం చేసేవారో ఇందాక చూశాను కదా" అని ఆమె. పోట్లాట వల్ల ఒరిగిందేమీ లేదు.

మూడు రోజులు కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. అత్తగారు గదిలో మంచం అంచున కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని ఉండేది. పెడితే తినేది, అడిగితే ఊకొట్టేది. చేతులు మాత్రం ఊరుకోలేదు. కట్టుకున్న బట్ట అంచునే వేళ్ళతో తడుముతూ ఉండేవి. ఆ చేతుల్ని చూసినప్పుడల్లా కోడలు అనుకునేది: సూది తీసేసింది డాక్టరూ కాదు, కొడుకూ కాదు. నేనే. పరాయిదాని ముందు నేనే లాగేసుకున్నాను.

"ఆ మూల ఖాళీ చేస్తే పిచికకి చదువుకునే బల్ల వేయొచ్చు" అన్నాడు భర్త రెండో రోజు, మిషను మీద దుప్పటి కప్పుతూ.

"కప్పారు కదా, అక్కడితో ఆగండి" అంది ఆమె.

పిచిక మాత్రం తన పని మానలేదు. "నానమ్మ కుట్టకపోతే మాత్రం? పదంటే పదే" అని రోజూ కొత్త సూదులు ఎక్కించి గుచ్చి వెళ్ళేది. మూడో రోజుకి దూది దిండు ముళ్ళపందిలా తయారైంది.

మూడో రోజు మధ్యాహ్నం కోడలు లాండ్రీ నుంచి వచ్చి, కోటు తీసుకుని ఖాళీ కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. ఎవరు కుట్టినా కుట్టకపోయినా మేష్టారి కోటు మేష్టారికి చేరాలి. ఊడిన చేతికి అత్తగారి కుట్టు సగం ఇంకా అంటుకునే ఉంది. లాగుదామని దారం పట్టుకుంది. తెల్లదారం. గోధుమరంగు కోటుకి.

అలవాటుగా లాగబోయి ఆగింది. కళ్ళెత్తి దిండు చూసింది. ముప్ఫై సూదులు. ముప్ఫైకి ముప్ఫై తెల్లదారమే.

బడినుంచి వచ్చి మెట్ల దగ్గర బూట్లు విప్పుకుంటున్న కూతుర్ని పిలిచింది. "పిచికా, నానమ్మ ఏ రంగు దారం ఎక్కించమంటుంది?"

"తెల్లది."

"ఎప్పుడూనా?"

"ముందు రంగురంగులవి అడిగేది. ఇది ఏ రంగే, అది ఏ రంగే అని నన్నడిగి మరీ. ఆకులు రాలేటప్పటి బడి సెలవులు... కాదు, నా పుట్టినరోజు అయిన దగ్గర్నుంచి అన్నీ తెల్లవే. నేనడిగితే, ఇలాంటి కుట్టుకి తెల్లదే ఉండాలే, తర్వాత కనిపించాలి కదా అంది."

పిచిక పుట్టినరోజై ఆరు నెలలు.

కోడలు లేచి ఇస్త్రీ బల్ల కిందనుంచి బిస్కెట్ల డబ్బా లాగింది. మూత తీసి, దారాలన్నీ నేలమీద బోర్లించింది. అడుగున ఉన్నవి పైకొచ్చాయి: ఎరుపు, నీలం, పసుపు, చిన్నచిన్న ముక్కలు, చిక్కులు పడి, తెగి. వాటి కింద మిగతావన్నీ తెల్లవి. పొడుగాటివి. చిక్కు లేకుండా, ఒక్క లాగుకి వచ్చినవి. లాండ్రీలో ఇస్త్రీకి దర్జీలు తెచ్చే సగం కుట్టిన బట్టలెన్ని చూడలేదు తను! అసలు కుట్టు పడేదాకా గుడ్డని పట్టి నిలబెట్టడానికి, తర్వాత లాగిపారేయడానికి, కంటికి కనిపించే రంగుతో వేసే కచ్చా కుట్టు అది. చెయ్యి వణికి పడ్డ కుట్టు కాదు. భుజం వంపు దగ్గర గుడ్డ ఎక్కడెంత కుచ్చు పట్టాలో అక్కడంత పట్టి, వేలు పెట్టి చూపించినట్టు వేసింది.

అంచులు ముందు. తర్వాత కాజాలు. తర్వాత కాలర్లు తిరగేయడం. ఆ తర్వాత స్వెట్టరు కన్నాలు నేసి పూడ్చడం. ఆఖరికి కోటు చేతులు. సులువైన పని నుంచి కష్టమైన పనికి, మెట్టు మెట్టుగా.

ఆమె కోటూ, గుప్పెడు తెల్లదారాలూ పట్టుకుని అత్తగారి గది తలుపు తోసింది.

"అత్తయ్యా, మీకు తెలుసు."

"ఏం తెలుసు?"

"నేను కుడుతున్నానని. ఆరు నెలలుగా మీరు కుట్టడం లేదు. నాకు గీత గీసి ఇస్తున్నారు." గుప్పెట్లోని దారాలు ఆవిడ ఒళ్ళో పెట్టింది.

ఆవిడ వేళ్ళతో వాటిని తడిమింది. "దాచావా ఇవన్నీ?"

"పోగు కూడా పారేయకూడదని మీరేగా అంటారు."

ఆవిడ పెదవి చివర చిన్న కదలిక వచ్చి పోయింది. "నర్సు గౌను జేబు ఊడిందని రెండోసారి తెచ్చింది, గుర్తుందా? అంచు తడుముతుంటే వేళ్ళకి తెలిసింది. నేను ఎడమచేతి వాటం దాన్ని. నా కుట్టు ఇటు వాలుతుంది. ఆ కుట్టు అటు వాలి ఉంది. బాత్రూములోకి వెళ్ళి, కొళాయి తిప్పి ఏడ్చానమ్మాయ్. రెండు రోజులు నీ గొంతు వింటే ఒళ్ళు మండేది. మూడో రోజు మళ్ళీ తడిమి చూశాను. బాగానే కుట్టావు. అది ఇంకా మంట."

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మరి ఒక్క మాట అనొచ్చుగా నాతో?"

"ఏమనను? నేర్పుతానంటే గోడకేసి విసిరికొట్టిన దానివి. విసిరికొట్టేలా చేసింది నా నోరే అనుకో. ఈసారి నోరు మూసుకుని నేర్పుదామనుకున్నాను." ఆవిడ ఒక దారాన్ని వేలికి చుట్టుకుంది. "అబద్ధం ఎందుకు, అదొక్కటే కాదు. కళ్ళు పోయాయని నా నోటితో నేను చెప్పలేకపోయాను. నువ్వు కుడుతున్నంతకాలం నేను కుడుతున్నట్టే ఉండేది."

"అత్తయ్యా..."

"చెప్పనీ. మేష్టారు వచ్చినప్పుడు ఎడమ చెయ్యి తడిమాను. గట్టి కుట్టు, ఇస్త్రీ మడత. నీ పని అయిపోయిందనుకుని ఇచ్చేశాను. కుడిది తడమనైనా లేదు. ముందురోజు నిన్ను 'రెండో చెయ్యి అయిందా' అని అడిగితే సరిపోయేది. అడిగితే నా గుట్టు బయటపడుతుంది కదా! నా గుట్టు దాచుకోడానికి ఆ పెద్దమనిషిని నలుగురిలో నవ్వులపాలు చేశాను."

"నేను మాత్రం?" కోడలు మంచం పక్కన కూలబడింది. "లాండ్రీలో ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను. 'కోటు ఇవ్వకండి, ఇంకో చెయ్యి ఉంది' అంటే అయిపోయేది. ఏమని చెప్పాలో తెలియక పెట్టేశాను. పైగా పరాయావిడ ముందు మీకు కనపడదని... ఆ మాట అని ఉండాల్సింది కాదు. నన్ను క్షమించండి."

"తగిలింది" అంది ఆవిడ. "తగలలేదని చెప్పను. బాగా తగిలింది." కోడలి తల ఎక్కడుందో చేత్తో వెతుక్కుని, దాని మీద చెయ్యి వేసింది. కోడలు ఆవిడ ఒళ్ళో మొహం దాచుకుని, పదకొండేళ్ళకి సరిపడా ఏడ్చింది. ఒళ్ళో ఉన్న తెల్లదారాలన్నీ తడిసి ముద్దయ్యాయి.

కాసేపటికి ఆవిడే అంది. "ఇక చాల్లే. కోటేదీ?"

ఇద్దరూ కిటికీ దగ్గరికి వచ్చారు. ఖాళీ కుర్చీ పక్కన వంటింటి ముక్కాలిపీట వేశారు. అత్తగారు ఇత్తడి టోపీ వేలికి తొడుక్కుని, కోటు చేతిని భుజానికి ఆనించి, వేళ్ళతో వంపు కొలుచుకుంటూ తెల్లకుట్టు వేసింది. కోడలు దాని పక్కనే గోధుమరంగు దారంతో గట్టిగా కుట్టుకొచ్చింది. "అక్కడ లాగకు, కుచ్చు పోతుంది." "లాగట్లేదండీ." "లాగుతున్నావు, చప్పుడు వినపడుతోంది." పాత నోరు పాత నోరే. కోడలు ఈసారి సూది విసరలేదు.

సాయంత్రం ఆవిడ కోడలి భుజం పట్టుకుని రెండంతస్తులు దిగి, తానే మేష్టారి తలుపు తట్టింది. తలుపు తీసింది మేష్టారే. వెనకాల భార్య.

"మేష్టారూ, గీత నాది, కుట్టు మా కోడలిది. నాకు చూపు ఆనడం లేదు. ఇకనుంచి మా ఇంట్లో కుట్టేది మేమిద్దరం. తప్పు కూడా ఇద్దరిదీ. ఒకసారి వేసుకుని చూడండి."

మేష్టారు కోటు తొడుక్కున్నారు. గుండీలు పెట్టుకున్నారు. గుమ్మంలోనే నిలబడి కుడి చెయ్యి పైకెత్తి, గాలిలో మెల్లగా పెద్ద సున్నా చుట్టారు. చెయ్యి నిలిచింది. ఇంకోటి చుట్టారు. దాని పక్కన ఇంకేదో అంకె వేసి, కూడి, కింద గీత గీసి, "ఇప్పుడు లెక్క సరిపోయింది మామ్మగారూ" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు అత్తగారికి కనపడి ఉండవు. గొంతులో వినపడి ఉంటాయి.

మేష్టారి భార్య గబగబా లోపలికెళ్ళి ఒక సంచి తెచ్చింది. "ఎలాగూ వచ్చారు కాబట్టి... ఈ కర్టెన్లు కాస్త పొట్టివి చెయ్యాలి. తొందరేం లేదులెండి."

మర్నాడు పొద్దున్న కొడుకు పనికి వెళ్తూ కిటికీ దగ్గర ఆగాడు. లిఫ్టు తలుపులో ఇరుక్కుని రెండు చేతులూ చిరిగిన చొక్కా ఒకటి మూడు వారాలుగా అతని సంచిలో నలుగుతోంది. మామూలుగా అయితే పారేసేవాడు. తల్లి మొహం చూడకుండా దాన్ని బుట్టలో వేసి, "అతుకు ఒకే రంగుది వెయ్యమ్మా" అన్నాడు.

"రంగు నాకేం తెలుసురా. మీ ఆవిణ్ణి అడుగు" అంది తల్లి.

మిషను మీద దుప్పటి అతనే తీసేసి వెళ్ళాడు.

పిచిక ఆ రోజు ఇరవై సూదులు ఎక్కించింది. పది తెల్లవి, పది రంగువి. బస్సు నిజంగానే వెళ్ళిపోయింది, తర్వాతి దాంట్లో వెళ్ళింది. మధ్యాహ్నం కోడలు లాండ్రీ నుంచి వచ్చేసరికి అత్తగారు చొక్కా చేతులకి తెల్లకుట్టు వేసి ఉంచింది. కోడలు ముక్కాలిపీట మీద కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. ఆవిడ పక్కనే కూర్చుని చూపు వీధిలోకి పెట్టి, చెవి మాత్రం సూది మీద పెట్టింది. ఎండ గోడ దిగి నేలమీదికి వచ్చింది. అప్పుడు ఇల్లంతా వినపడేలా అడిగింది.

"అమ్మాయ్, రెండో చెయ్యి అయిందా?"

"ఇంకా లేదు అత్తయ్యా. అయ్యాక చెబుతాను."